ఏడు తుపాకులు

ఆర్డిస్ టాలెఫ్‌సన్, నేను హాల్వర్స్‌బీ బడి వంటగదిలో పంతొమ్మిదేళ్లు పక్కపక్కనే నిలబడి పనిచేశాం. అంతకాలంలో ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. మూడు వందల మంది పిల్లలు ఒక్కసారిగా పళ్లాలు పట్టుకుని మీద పడ్డా, "వరసలో రండి నాన్నా" అనేది, అంతే. ఏ పిల్లాడి ఇంట్లో రాత్రి పొయ్యి వెలగలేదో చూడగానే పసిగట్టేది. వాడి పళ్లెంలో ఇంకో గరిటె పడేది. వాడికి సిగ్గు కలగకుండా అటు తిరిగిపోయేది.

ఆమె మొగుడు ఆర్విల్ పోయి అప్పటికి పదకొండేళ్లు. ఒక్కడే కొడుకు, డారిన్. అతని పెళ్లాం రేనా ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సు. వాళ్ల కూతురు టెస్సా మా బడిలోనే నాలుగో తరగతి.

ఆ ఏడు మార్చిలో ఒక శుక్రవారం రేనా తన తోటి నర్సులతో చేపల వేపుడు తినడానికి వెళ్లి, చెప్పిన టైముకి ముప్పావుగంట ఆలస్యంగా ఇల్లు చేరింది. డారిన్ వంటింట్లో కూర్చుని తుపాకీ తుడుచుకుంటున్నాడు. లేచి, అదే తుపాకీ తిరగేసి, దాని కొయ్యతో ఆమె భుజం మీద కొట్టాడు. మెడ కింద ఎముక రెండు ముక్కలైంది. పిల్ల చూసింది. పక్కింటికి పరిగెత్తి చెప్పింది కూడా ఆ పిల్లే.

మా ఊళ్లో ఇలాంటివి మామూలుగా కోర్టుదాకా పోవు. ఇది పోయింది, ఎందుకంటే ఎక్స్‌రే ఉంది, పిల్ల ఉంది. ఆగస్టులో డారిన్ నేరం రుజువైంది. అప్పటికే జైల్లో గడిపిన రెండు నెలలే శిక్ష అన్నారు. దాంతో పాటు చట్టం ప్రకారం ఇక తుపాకీ ముట్టుకోకూడదు, ఇంట్లో ఉన్నవన్నీ అప్పగించాలి అన్నారు. పోలీసు అధికారి షెరీఫ్‌కైనా ఇవ్వచ్చు, లేదా కోర్టు ఒప్పుకున్న మనిషికైనా ఇవ్వచ్చు, ఆ మనిషి అతనితో ఒకే ఇంట్లో ఉండకూడదు, అంతే.

అప్పగింత విచారణకి ఆర్డిస్ నన్ను తోడు రమ్మంది. మేమిద్దరం డారిన్ వెనక బల్ల మీద కూర్చున్నాం. అవతలి వైపు రేనా ఒక్కతే, ఇంకా సరిగా ఎత్తలేని చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

డారిన్ ఒక కాగితం నింపి ఇచ్చాడు. జడ్జి గారు చదివారు. నాలుగు తుపాకులు.

"ఏడు," అంది రేనా. ఎవరూ అడక్కుండానే లేచి నిలబడింది. "ఏడున్నాయండీ. నేను ఆ ఇంట్లో పదేళ్లు కాపురం చేశాను. నాకు తెలీదా?"

"మిగతా మూడూ ఏవండీ?" అని జడ్జి గారు డారిన్‌ని అడిగారు.

"అమ్మేశానండీ."

"ఎవరికి?"

"ఎవరో ఇల్లినాయిస్ రాష్ట్రం నుంచి వచ్చాడండీ. పేరు గుర్తులేదు."

జడ్జి గారు ఆ మాటే రాసుకున్నారు. ఇంకేం చేస్తారు? వెళ్లి ఇల్లు వెతికే మనిషి లేడు. తుపాకీ ఇచ్చెయ్యమని చెప్పడానికి చట్టం ఉంది, ఇచ్చాడో లేదో చూసిరావడానికి ఒక్క మనిషి లేడు. పెళ్లాం ఎముక విరగ్గొట్టినవాడి మాట కాగితం మీద పెడితే ప్రమాణం అయిపోయింది. ఎముక విరిగిన మనిషి మాట గాలికి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కకి తిరిగి చూశాను. ఆర్డిస్ చేతిసంచీ పట్టీ వేలికి చుట్టుకుంటోంది, వేలు తెల్లబడిపోయింది. నోరు మాత్రం విప్పలేదు.

ఆర్డిస్ తమ్ముడు వెండెల్ లేచి, తుపాకులు తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. జడ్జి గారు అతనికి విడమరిచి చెప్పారు: వాడి చేతికి అందనిస్తే నీదీ నేరమే. వెండెల్ చెయ్యెత్తి, "అందనివ్వనండీ" అని ప్రమాణం చేశాడు. బయటికొచ్చాక మేనల్లుడి వీపు చరిచి, "నవంబరుకి చూద్దాం లేరా" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. ఆర్డిస్ కూడా విన్నది.

నవంబరులో తొమ్మిది రోజుల జింకల వేట మొదలయ్యే శనివారం మా ఊరికి పెద్ద పండగ. మగాళ్లంతా నారింజ రంగు కోట్లేసుకుని అడవిలోకి పోతారు. ఎర్వ్ పెట్రోలు బంకులో గోడకి ఒక బోర్డు ఉంటుంది. మొదటిరోజు జింకని కొట్టినవాళ్లు అక్కడ ఫొటో తగిలిస్తారు. ఆ శనివారం సాయంత్రం నేను పెట్రోలు పోయించుకోవడానికి వెళ్లాను. బోర్డు మీద డారిన్ ఉన్నాడు. ఎనిమిది కొమ్మల జింక తల పట్టుకుని, ఒళ్లో తుపాకీ పెట్టుకుని, నవ్వుతూ.

నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈ తప్పు దాచి కథ చెప్పడం నాకు చేతకాదు. ఆదివారం చర్చిలో ఆర్డిస్ పక్కనే కూర్చుని పాటలు పాడి ఇంటికెళ్లిపోయాను. కన్నతల్లికి నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. అలా అనుకుంది నేనొక్కదాన్నే కాదు. మూడు రోజుల్లో ఆ బంకుకి ఊళ్లో సగం మంది వచ్చి ఉంటారు.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వరసలో టెస్సా వచ్చింది. పళ్లెం చాపలేదు.

"నానమ్మా, నాన్న పెద్ద జింకని కొట్టాడంట. ఎర్వ్ షాపులో ఫొటో ఉందని మా క్లాసు జేస్ చెప్పాడు."

ఆర్డిస్ గరిటె గాల్లోనే ఆగిపోయింది. "ఎవరు చెప్పారమ్మా?"

"జేస్. అమ్మకి శనివారమే తెలుసు. అప్పట్నుంచి బట్టల బీరువా తలుపుకి అడ్డం జరిపింది. నేను సాయం పట్టాను. బడికి రావాలంటే కిటికీలోంచి దిగాం." తర్వాత మామూలు గొంతుతోనే అడిగింది, "నాకు మాంసం వద్దు, ఉత్త బన్ను ఇస్తావా?"

ఆర్డిస్ బన్ను ఇచ్చింది. పళ్లెంలో ఒక ఆపిల్ పెట్టింది. మిగతా పిల్లలందరికీ వడ్డించింది. గిన్నెలు కడిగింది. రెండింటికి ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, నా వైపు తిరిగింది.

"నీకు తెలుసా గ్వెన్?"

"తెలుసు," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"శనివారం నుంచి."

తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీ కారు తియ్యి," అంది. "నాది చిన్నది."

బంకులో నలుగురైదుగురు కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆర్డిస్ నేరుగా బోర్డు దగ్గరికెళ్లి ఫొటో పీకింది. గుండుసూది కిందపడింది.

"ఏంటి ఆర్డిస్, ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టుకుంటావా?" అన్నాడు ఎర్వ్. మిగతావాళ్లు నవ్వారు.

"వీడు తుపాకీ ముట్టుకోకూడదని మీలో ఎవరికి తెలీదో చెయ్యెత్తండి," అంది.

ఎవరూ ఎత్తలేదు.

"అంటే అందరికీ తెలుసు. మూడు రోజులుగా తాగుతున్నారు కాఫీ, ఈ ఫొటో ముందు నిలబడి. మీకు జింక కొమ్ములు కనబడ్డాయా? ఎన్ని కొమ్మలో లెక్కపెట్టారా? ఆ ఒళ్లోది కనబడలేదా?" గొంతు లేచింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి. "అక్కడ తొమ్మిదేళ్ల పిల్ల బీరువా జరుపుతోందిరా తలుపుకి! మీరు ఇక్కడ కొమ్మలు లెక్కపెడుతున్నారా!"

"ఇంటి సంగతి ఇంట్లో చూసుకోవాలి గానీ..." అని ఎవరో గొణిగారు.

"ఇంట్లోనే చూసుకున్నాం. అందుకే ఇలా తగలడింది," అంది ఆర్డిస్.

డారిన్ ఫొటో ఉన్న చోటు పక్కనే ఇంకో ఫొటో ఉంది. గ్రెగ్ హాల్‌స్టెడ్, షెరీఫ్ కింద పనిచేసే పోలీసు డిప్యూటీ, తన జింకతో. రెండు ఫొటోల మధ్య బెత్తెడు దూరం లేదు. గ్రెగ్ తన చేత్తో తగిలించుకున్నాడు కదా. చూసి ఉండడా?

కారు ఎక్కాక వెండెల్ ఇంటికి పోనిమ్మంది. వెండెల్, డారిన్ ఇద్దరూ అడవి గుడిసెలో ఉన్నారు, గురువారం థాంక్స్‌గివింగ్ పండగకి గానీ రారు. ఇంట్లో వెండెల్ భార్య మార్లిస్ ఒక్కతే, పండగ పిండివంట చేస్తోంది, పిండితో చేతులు తెల్లగా ఉన్నాయి.

"రా వదినా, కూర్చో."

"కూర్చోను. తుపాకుల బీరువా తాళం ఇయ్యి."

మార్లిస్ ఏం, ఎందుకు అని అడగలేదు. చేతులు కడుక్కుంది, తుడుచుకుంది. చక్కెర డబ్బాలోంచి తాళం తీసి ఇచ్చింది. బీరువాలో డారిన్‌వి మూడున్నాయి. నాలుగోది అతని దగ్గర ఉంది.

"ఇంతేనా?" అంది ఆర్డిస్.

మార్లిస్ బీరువా తలుపు మూసింది. "ఇంతే అని చెప్పమన్నాడు మీ తమ్ముడు," అంది. తర్వాత కొట్టంలోకి నడిచింది. మాంసం దాచే పెద్ద ఫ్రీజరు వెనక దుప్పట్లో చుట్టి మూడున్నాయి. ఇల్లినాయిస్ వాడు కొనుక్కుపోయిన మూడూ. వాటిలో ఒకటి ఆర్విల్‌ది, పాతది. కొయ్య మీద అతని పేరు మొదటి అక్షరాలు చెక్కి ఉన్నాయి.

మార్లిస్ వేటగాడి కూతురు. ఒక్కొక్కటే తెరిచి, లోపల తూటా లేదని చూసి, మా చేతికిచ్చింది. "నేనిచ్చానని చెప్పకు వదినా," అని, మళ్లీ తనే, "పోనీలే, చెప్పు," అంది.

షెరీఫ్ ఆఫీసుకి ఇరవై నిమిషాల దారి. సగం దూరం వెళ్లాక ఆర్డిస్ మాట్లాడింది. నా వైపు చూడలేదు.

"ఆర్విల్ నన్నెప్పుడూ కొట్టలేదే. అందరూ అదే అంటారు, బంగారం లాంటి మనిషి, చెయ్యెత్తలేదు అని. నిజమే, ఎత్తలేదు. కోపం వచ్చిన రోజు ఆ తుపాకీ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టేవాడు. ఉప్పుడబ్బా పక్కన. ఏం అనేవాడు కాదు. దాని గొట్టం నా కుర్చీ వైపుండేది. అలా భోంచేసేవాళ్లం ముగ్గురం. డారిన్ బంగాళాదుంపలు అడిగితే దాని మీదుగా అందించేదాన్ని. ఇరవై రెండేళ్లు అందించాను."

నేను బండి వేగం తగ్గించాను.

"రేనా ఏడు అన్నప్పుడు నాకు తెలుసు," అంది. "వాటి దుమ్ము దులిపి తుడిచినదాన్ని, నాకు తెలీదా. రేనా మా అమ్మాయి కాదు కదా అనుకున్నాను. నా కొడుకు కదా అనుకున్నాను. సంచీ పట్టీ నలుపుకుంటూ కూర్చున్నాను, దరిద్రపుదాన్ని."

ఆఫీసులో కౌంటరు వెనక ఒక అమ్మాయి ఉంది. ఆరు తుపాకులు దుప్పటితో సహా బల్ల మీద పెట్టాం. ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇవి తీసుకోలేనండీ. కోర్టు ఆర్డరులో వెండెల్ గారి పేరుంది. మార్చాలంటే మళ్లీ కాగితం కావాలి."

"కాగితం వచ్చేదాకా ఎక్కడ పెట్టమంటావు?"

"మళ్లీ ఆయన దగ్గరే పెట్టెయ్యండి."

ఆర్డిస్ నవ్వింది. అలాంటి నవ్వు నాకు మళ్లీ వినాలని లేదు. "అమ్మాయ్, రౌడీకి ఇవ్వడానికి కాగితం అక్కర్లేకపోయింది. పోలీసుకి ఇవ్వడానికి కావాలా? నేను ఇక్కడే కూర్చుంటాను."

కూర్చుంది కూడా. లోపల్నుంచి గ్రెగ్ హాల్‌స్టెడ్ వచ్చాడు. మా బడి పిల్లాడే. రోజూ రెండోసారి వడ్డించుకునేవాడు.

"ఆర్డిస్ ఆంటీ, ఏంటిది? పండగ వారం. వాడు తొమ్మిది రోజులు వేటాడుకుని తుపాకీ ఇచ్చేస్తాడు. వెండెల్ అంకుల్ పక్కనే ఉన్నాడు కదా. దీన్ని పెద్దది చెయ్యడం ఎందుకు?"

ఆమె ఫొటో తీసి అతని ముందు పెట్టింది. "ఇది చూశావా?"

"...ఏమో ఆంటీ. పాతదేమో."

"జింక చెవికి తగిలించిన వేట చీటీ మీద ఈ సంవత్సరమే ఉంది. నాకు కళ్లజోడు ఉండి కనబడింది, నీకు చురుకైన చూపు ఉండి కనబడలేదా? పక్కనే ఉన్నావు కదరా గోడ మీద. నీ జింక వాడి జింక ముట్టె ముట్టె రాసుకుంటున్నాయి."

గ్రెగ్ ముఖం ఎర్రబడింది. "షెరీఫ్ గారు లేరు. బుధవారం వస్తారు."

"ఆయనా అడవిలోనే ఉన్నాడా?"

గ్రెగ్ ఫొటో వెనక్కి తోశాడు. ఆర్డిస్ నన్ను తుపాకుల దగ్గర కూర్చోబెట్టి, పెద్ద కోర్టు భవనంలోకి ఒక్కతే వెళ్లింది. జడ్జి గారి గుమాస్తా ఒకావిడ ఉంది, ఊళ్లో ఎవరికీ నచ్చదు, ఒక్క అక్షరం తప్పున్నా కాగితం వెనక్కిచ్చేస్తుంది. ఆవిడ ఆగస్టు నాటి ఆర్డరు తీసి, వేలు పెట్టి చదివి, ఫొటో చూసి, తలుపు తట్టి జడ్జి గారి గదిలోకి పోయింది. నాలుగున్నరకి గ్రెగ్ బల్ల మీద ఫోను మోగింది. అతను "ఎస్ మేడమ్" అని ఐదుసార్లు అన్నాడు. తుపాకులు తీసుకుని, రసీదు రాసిచ్చాడు.

మర్నాడు పొద్దున జడ్జి గారి ఆర్డరు మీద పక్క ఊరి పోలీసులు వెళ్లి డారిన్‌ని గుడిసె దగ్గరే పట్టుకున్నారు. ఏడోది అతని చేతిలో ఉంది.

శుక్రవారం వెండెల్ ఆర్డిస్ ఇంటి ముందు ట్రక్కు ఆపి, గేటు బయటే నిలబడి అరిచాడు. నేను లోపల ఉన్నాను.

"నువ్వు నా అక్కవేనా? కన్నకొడుకుని జైల్లో తోయించావు. నా మీద కేసు పెట్టించావు. మన అమ్మ బతికుంటే నీ ముఖం చూసేది కాదు!"

"ఒరేయ్ వెండెల్, చెయ్యెత్తి ప్రమాణం చేసింది నువ్వు. ఆ చెయ్యి ఏమైందిరా?"

"తొమ్మిది రోజులే కదే!"

"రేనా ఎముక విరగడానికి ఒక్క క్షణం పట్టింది," అని ఆర్డిస్ తలుపు వేసేసింది. లోపలికొచ్చి సింకు పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సింకులో ఉన్న కప్పు తీసి గోడకేసి కొట్టింది.

రేనా ఆదివారం వచ్చింది. ఆర్డిస్ ఆమెని చూసి రెండు చేతులూ చాపింది. రేనా గడప దాటలేదు.

"థాంక్స్ చెప్పడానికి రాలేదు అత్తయ్యా," అంది. "ఒకటి అడగాలి. ఆగస్టులో నేను ఏడు అన్నప్పుడు మీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"మూడు నెలలు," అంది రేనా. ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. "మూడు నెలలు నేను మా పిల్ల జోళ్లు మంచం పక్కనే పెట్టి పడుకోబెట్టాను, పరిగెత్తాల్సొస్తే చల్లని నేల మీద కాళ్లు కొంకర్లు పోతాయని. మీరు ఒక్క మాట అంటే సరిపోయేది. ఒకే ఒక్క అంకె. ఏడు. అది చెప్పలేకపోయారు మీరు."

"చెప్పలేకపోయాను."

"ఇప్పుడు చెప్తారా? కోర్టులో? అందరి ముందూ?"

"చెప్తాను."

రేనా తల ఊపి వెళ్లిపోయింది. వాళ్లిద్దరి మధ్యా ఏదో అతుక్కుందని రాయాలని నాకూ ఉంది. అతుక్కోలేదు.

డిసెంబరు రెండో వారం విచారణ. ఆర్డిస్ సాక్షి కుర్చీలో కూర్చుంది, చర్చికి వేసుకునే నీలం గౌనులో. డారిన్ ఖైదీ బట్టల్లో ఉన్నాడు. గడ్డం గీయించుకున్నాడు. తల్లిని చూసి మెల్లగా, అందరికీ వినబడేటట్టు, "నువ్వేనా అమ్మా?" అన్నాడు. జడ్జి గారు అతన్ని కసిరారు. నేను ఆర్డిస్ ముఖం చూశాను. కన్నతల్లి ముఖమే అది. ఆ మాట ఆమెకి ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది.

ఎన్ని తుపాకులున్నాయని అడిగారు. ఏడు అంది. ఆగస్టులో తెలుసా అని అడిగారు. తెలుసు అంది. డారిన్ వకీలు లేచాడు, కుర్రాడు, మెత్తగా మాట్లాడతాడు.

"అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నారు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా టాలెఫ్‌సన్ గారూ?"

"అప్పుడు నన్నెవరూ అడగలేదు బాబూ. మీరందరూ వాణ్ని అడిగారు. కొట్టినవాణ్ని అడిగారు, నీ దగ్గర ఎన్నున్నాయని. ఎక్కడైనా ఉందా ఈ విడ్డూరం? నేను రెండు గజాల దూరంలో కూర్చున్నాను. పెళ్లాన్ని నమ్మకపోతిరి, సరే. ఇల్లు చూసొచ్చేవాడు లేకపోయె, సరే. కనీసం వెనక్కి తిరిగి తల్లిని అడిగినా..." ఆగింది. "కాదు. నేను తప్పించుకోకూడదు. అడక్కపోయినా లేవాల్సింది. లేవలేదు. అది నా తప్పే. రాసుకోండి."

డారిన్‌కి పద్దెనిమిది నెలల జైలు పడింది. వెండెల్‌కి జరిమానా వేసి, అతని సొంత తుపాకులు కూడా ఏడాదిపాటు తీసుకున్నారు. ఊరు క్షమించనిది డారిన్‌ని కాదు, ఆర్డిస్‌ని. చర్చిలో ఎండుచేపల విందుకి ఏటా బంగాళాదుంపల పని ఆమెదే. ఆ ఏడు వేరేవాళ్లకి ఇచ్చారు. గ్రెగ్ హాల్‌స్టెడ్ ఇంకా డిప్యూటీగానే ఉన్నాడు. ఎర్వ్ బోర్డు అక్కడే ఉంది. నాలుగు అని రాసిచ్చిన కాగితాన్ని నమ్మి ఊరుకునే పద్ధతి కూడా అలాగే ఉంది. వెళ్లి చూసొచ్చే మనిషిని ఇప్పటికీ పెట్టలేదు.

ఆ రోజు విచారణ అయ్యేసరికి పదింబావు. నేను ఇంటికి దింపుతానంటే ఆర్డిస్ ఒప్పుకోలేదు. పదకొండున్నరకి పిల్లలు వస్తారంది. నీలం గౌను మీదే ఏప్రన్ కట్టుకుంది. ఆ రోజు కారం వేసిన చిక్కుడుగింజల సూపు, మొక్కజొన్న రొట్టె. రెండుసార్లు సూపు బల్ల మీద ఒలికింది.

"మనసు తేలికపడుతుందన్నాడు పాస్టరు గారు," అంది, తుడుస్తూ. "ఏం పడలేదే గ్వెన్. ఇందాకట్నుంచీ ఒళ్లు భగ్గుమంటోంది. వాడి మీద, మీ అందరి మీద, నా మీద. అన్నిటికన్నా నా మీద."

గంట కొట్టారు. మొదటి వరస పిల్లలు తోసుకుంటూ లోపలికొచ్చారు.

"వరసలో రండి!" అని అరిచింది ఆర్డిస్. పిల్లలు ఉలిక్కిపడి ఆగిపోయారు.